నవ్వుకు పెట్టిన సున్నాలు

మా టీవీ కింది సొరుగులో ఒక నాటకం స్క్రిప్టు ఉంది. అరవై పేజీలు, పక్కన దారంతో కుట్టు. ప్రతి పేజీ అంచునా పెన్సిల్‌తో పెట్టిన సున్నాలు, కొన్నిచోట్ల జంట సున్నాలు. తెలియనివాళ్లు చూస్తే ఎవరో మొద్దు పిల్లవాడి పరీక్ష పేపర్లు అనుకుంటారు. ఆ సున్నాలన్నీ నావే. నేను నవ్విన చోటల్లా మా ఆయన ఒక సున్నా పెట్టాడు.

నాకు వచ్చిన విద్య నవ్వడం ఒక్కటే. పాట రాదు, ఆట రాదు, నలుగురిలో నిలబడి నాలుగు మాటలు చెప్పమంటే అవీ రావు. నవ్వమంటే మాత్రం గోడ అవతలివాళ్లు ఉలిక్కిపడేలా నవ్వుతాను. దానికి చిన్నప్పుడు తిన్న తిట్లకు అంతు లేదు. ఆడపిల్ల పళ్లు కనబడేలా నవ్వకూడదని మా నాయనమ్మ, పళ్లు కనబడినా చప్పుడు రాకూడదని మా అమ్మ, అసలు అంత నవ్వొచ్చే సంగతి ఏముందని మా మేనత్త. ఆ నవ్వు ఎప్పుడో దోహాలో ఒక నాటకానికి పనికొస్తుందనీ, దాన్ని నమ్ముకునే ఆ నాటకం సగం మునుగుతుందనీ వాళ్లకూ తెలియదు, నాకూ తెలియదు.

మాది కరీంనగర్ వైపు ఒక చిన్న టౌను. ఏటా చలి తగ్గాక పత్తి మార్కెట్ యార్డులో ఒక నాటకాల కంపెనీ డేరా వేసేది. నాలుగు రోజులు పురాణాలు ఆడి, అయిదో రోజు హాస్య నాటకం ఆడేవాళ్లు. పురాణానికి జనం తలంటు పోసుకుని వచ్చేవాళ్లు, హాస్యానికి పనులు ఎగ్గొట్టి వచ్చేవాళ్లు. మధ్యాహ్నమే చాపలు పరిచి జాగా పట్టేవాళ్లు. మా ఇంటి చాపకు కాపలా నేనే. ఎండలో ఆ చాప మీద కూర్చుని, తెర వెనక హార్మోనియం సవరించుకునే చప్పుడు వింటుంటే నాకు ఆకలి కూడా వేసేది కాదు.

ఆ నాటకంలో మాట కన్నా పాటే ఎక్కువ. యుద్ధానికి బయల్దేరే రాజు ఎంత పెద్ద రాగం తీస్తాడో, పెళ్లిలో చెప్పులు పోగొట్టుకున్న మామగారూ అంత పెద్ద రాగమే తీసేవాడు. అంత పెద్ద రాగం, ఇంత చిన్న సంగతి, మజా అంతా అందులోనే ఉంది. రాగం చివరికి వచ్చేసరికి మగవాళ్ల వైపు నుంచి "వన్స్ మోర్" అని అరుపులు లేచేవి. పాడినవాడు దణ్ణం పెట్టి మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేవాడు. కథ అక్కడే ఆగిపోయేది. ఆగితే మాత్రం ఎవరికి తొందర? అందరూ వచ్చిందే ఆ పాటల కోసం.

ఒక ఏడు ఆ మామగారి వేషం వేసినతను పొట్టకు కట్టుకున్న దిండు పాట మధ్యలో జారింది. ఒక చేత్తో దిండు, ఒక చేత్తో పంచె పట్టుకుని రాగం మాత్రం వదల్లేదు. డేరా అంతా నవ్వి ఆగిపోయినా నేను ఆగలేకపోయాను. అతను పాట ఆపి, ఆడవాళ్ల వైపు తిరిగి, "అమ్మా, ఆ దిక్కు ఇంకొక్క నవ్వు మిగిలున్నది. అది కానియ్యుండ్రి, నేను ఆగుత" అన్నాడు. వెయ్యిమంది నా వైపు తిరిగారు. మా అమ్మ నా తొడ గిల్లింది. ఆ గిల్లుడు నొప్పి ఇంటికి చేరేదాకా ఉంది గానీ, నాకోసం ఒక నాటకం ఆగిందన్న సంతోషం ఇప్పటికీ ఉంది. ఆ తర్వాత నాకు ఏ సన్మానమూ జరగలేదు, అక్కర్లేదు కూడా.

పెళ్లయి దోహా వచ్చి ఇరవై రెండేళ్లు. ఊళ్లో చుట్టాలు ఫోన్ చేస్తే ఇప్పటికీ "దుబాయ్ల ఎట్లున్నవ్" అనే అడుగుతారు. ఇది దుబాయ్ కాదని చెప్పీ చెప్పీ మానేశాను. ఫరీజ్ బిన్ మహమూద్‌లో రెండు గదుల ఇల్లు, కింద ఒక కరక్ చాయ్ కొట్టు, పక్కన ఒక దర్జీ షాపు. మా ఆయన వెస్ట్ బేలో ఒక ఆఫీసులో పైపుల డ్రాయింగులు గీస్తాడు. నేను పళ్ల డాక్టరు క్లినిక్‌లో రిసెప్షన్‌లో కూర్చుంటాను. రోజంతా నోళ్లు తెరిచేవాళ్లే తప్ప నవ్వేవాళ్లు ఒక్కరూ కనబడని చోటు అది.

మొన్నటి చలికాలానికి ముందటి చలికాలం మా ఆయన ఒక హాస్య నాటకం రాశాడు. పాటలతో, పద్యాలతో, అచ్చం మా మార్కెట్ యార్డు పద్ధతిలో. కథ చిన్నది. ఒక రాజుగారికి జలుబు చేసి నాలుకకు రుచి పోతుంది. బయటపెడితే పరువు తక్కువని, వంటవాడు ఏది మాడ్చినా అమృతం అంటాడు. రాజు అన్నాక మంత్రులూ అంటారు, మంత్రులు అన్నాక ఊరంతా అంటుంది. చివరికి జలుబు తగ్గి రాజుకు రుచి తెలుస్తుంది, వంటవాడి మెడ మీదికి వస్తుంది. అప్పుడు వంటవాడు సభలో నిలబడి, యుద్ధభూమిలో ఒంటరిగా మిగిలిన వీరుడిలాగా, మాడిన పప్పు మీద పాట పాడాలి. నాటకానికి అదే పట్టు.

హార్మోనియం మా కింది దర్జీ భాయ్‌ది. హైదరాబాద్ పాతబస్తీ మనిషి. బట్టలు కొలిచేటప్పుడు దక్కనీ, మా ఇంట్లోకి వస్తే తెలుగు. ఇక వంటవాడి వేషం ముఐథర్‌లో ఒక ఇంటికి డ్రైవరుగా పనిచేసే అతనిది. కడప వైపు పల్లెటూరు. చూస్తే సన్నగా గాలికి ఎగిరిపోయేలా ఉంటాడు, గొంతు విప్పితే మా కిటికీ అద్దాలు వణికేవి. ఊళ్లో కుర్రతనంలో నాటకాలు ఆడినవాడు. మొదటి శుక్రవారమే నన్ను అక్కా అన్నాడు, నేను తమ్ముడూ అన్నాను. వంటింట్లో టీ కప్పులు కడగబోతే వద్దన్నా వినేవాడు కాదు.

అతని భార్య కూడా ఇక్కడే. అల్ వక్రాలో ఒక ఇంట్లో వంటా, ఇంటిపనీ. పిల్లలు ఊళ్లో అమ్మమ్మ దగ్గర. భార్యాభర్తలిద్దరూ ఒకే దేశంలో, అరగంట దూరంలో ఉండి నెలకొక శుక్రవారం సూపర్‌మార్కెట్‌లో కలుసుకునేవాళ్లు. ట్రాలీ తోసుకుంటూ ఒక గంట మాట్లాడుకోవడం, ఎవరి ఇంటికి వాళ్లు వెళ్లిపోవడం.

హార్మోనియం బాగు చేయించడానికో, తెర బట్ట కొనడానికో వెళ్లినప్పుడు మా పాత కారు అతనే నడిపేవాడు. తానుండగా మా ఆయన స్టీరింగ్ పట్టుకుంటే అతనికి చిన్నతనం. కూర్చోగానే చేసే మొదటి పని లోపలి అద్దాన్ని పైకి తిప్పేయడం. వెనక సీట్లో కూర్చున్న నాకు అద్దంలో కారు కప్పు తప్ప ఏమీ కనిపించేది కాదు. ఒకరోజు నాకు ఒళ్లు మండింది.

"ఏంది తమ్మీ, అద్దం చూడకుండ నడిపి మమ్మల్ని చంపుతవా?"

"పక్కద్దాలు ఉండాయి కదక్కా" అన్నాడు. "ఈడికొచ్చిన మొదటిరోజే ముసిలి డ్రైవరు ఒకాయన సెప్పినాడు. ఎనక కూర్చున్నోళ్ల మొగం నీకు కనపడకూడదు, కనపడితే కొలువు పోతాది అని. తొమ్మిదేండ్లయింది. చెయ్యే అలవాటు పడిపోయింది."

అంతటితో ఆ సంగతి వదిలేశాను.

మా ఆయనకు నాటకం మీద ఒక సిద్ధాంతం ఉంది. హాస్యంలో మాట కన్నా ఆగడం ముఖ్యమట. జనం నవ్వు పూర్తి కాకముందే హార్మోనియం ఎత్తుకుంటే తరువాతి మాట మునిగిపోతుంది, ఆలస్యమైతే నవ్వు చల్లారిపోతుంది. అందుకని ఎక్కడెంత ఆగాలో ముందే తెలియాలి. రిహార్సల్‌కు జనం ఎక్కడి నుంచి వస్తారు? నేనున్నాను కదా. ప్రతి శుక్రవారం నన్ను సోఫాలో కూర్చోబెట్టి, తాను పెన్సిల్ పట్టుకుని పక్కన కూర్చునేవాడు. నేను నవ్వితే సున్నా, కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వితే జంట సున్నా. రాజుగారు పల్చటి చారులో తన కిరీటం చూసుకుని సర్దుకునే చోటైతే వరసగా మూడు వారాలు మూడు జంట సున్నాలు పడ్డాయి. చిన్నప్పటి నుంచీ నన్ను తిట్టించిన నవ్వుకు ఇంట్లో ఉద్యోగం దొరికింది. నేను కొంచెం గర్వపడ్డాను కూడా, ఎందుకు దాచాలి.

ఒక శుక్రవారం అందరూ వెళ్లాక డ్రైవరు తమ్ముడు ఆగిపోయాడు. టీ కప్పులు కడిగి బోర్లించి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"అక్కా, నాటకం పొద్దుకు మా ఆమెకు లీవు దొరికింది. రాత్రి ఎనిమిదికి ఇంట్లో ఉండాలంట. నీ పక్కనే కూర్చోబెట్టుకో."

"కూర్చోబెట్టుకుంట, అడగాల్నా?"

"అది కాదక్కా. లైట్లేస్తే నాకు కింద ఎవరూ కనపడరు. నువ్వు నాటకం సూడొద్దు. ఆమె మొగం సూడు. నగిందా లేదా, నాకు సెప్పు. అంతే."

వేళాకోళం కాదని అతని ముఖం చూస్తే తెలిసింది.

"ఆమె వచ్చి నాలుగేండ్లక్కా. ఈ నాలుగేండ్లలో నా ముందర నగలేదు. తప్పు ఆమెది కాదు. కలిసేది ఒక గంట. పిల్లోడి జరం, వాళ్లమ్మ మోకాళ్లు, ఇవన్నీ మాట్లాడుకునేలోగా గంట అయిపోతాది. నగేదానికి టైమ్ మాఫీ, లేనే లేదు. నేను ఈ వేసం కట్టేది దానికే. ఒక్కసారి నగితే సాలు."

"పాటలు వినిపించినవా ఫోన్ల?"

"బడికాడ పిల్లోళ్ల కోసం కారులో కూర్చున్నెబ్బుడల్లా పాటలు, అందరి మాటలు అన్నీ ఇనిపిస్తా. ఆమె ఫోను పక్కన పెట్టి గిన్నెలు తోముకుంటా ఉంటాది. నాకు నీళ్ల సప్పుడే ఇనపడతాది. నాటకాల పిచ్చి అని ఊరుకుంటాది."

నేను మాటిచ్చాను. నాటకం చూడటం కోసమే పుట్టినదాన్ని, నాటకం చూడనని మాటిచ్చాను.

నాటకం ఒక శుక్రవారం సాయంత్రం నాలుగింటికి, అద్దెకు తీసుకున్న ఒక స్కూలు ఆడిటోరియంలో. కార్మికుల క్యాంపుల నుంచి బస్సులు ఆలస్యంగా వచ్చాయి. వచ్చాక మాత్రం మా మార్కెట్ యార్డు దిగివచ్చినట్టే అయింది. ఉతికిన చొక్కాలు, తడి దువ్విన జుట్లు, కుర్చీ కోసం తోపులాట, ముందు వరసలో కుటుంబాలు, వెనక గోడకు ఆనుకుని చేతిలో కారు తాళాలతో ఇళ్ల డ్రైవర్లు. ఏ క్షణాన ఫోన్ మోగినా పరిగెత్తాల్సినవాళ్లు కుర్చీల్లో కూర్చోరు. వక్రా నుంచి ఆమె టాక్సీలో వచ్చింది. చిన్న మనిషి, తలకు స్కార్ఫు, మణికట్టు మీద నూనె చిట్లిన మచ్చ. ఒడిలో ఒక ప్లాస్టిక్ సంచి పెట్టుకుని దాని పిడులు రెండు చేతులా బిగించి పట్టుకుంది. "ఏమక్కా, జనం ఇంతమంది ఉండారే" అని మాత్రం అంది.

తెర లేచింది. అతను గరిటె భుజాన వేసుకుని వచ్చాడు. నేను మాటిచ్చినట్టే ఆమె వైపు తిరిగి కూర్చున్నాను.

చారులో కిరీటం చూసుకునే చోటు వచ్చింది. జంట సున్నాల చోటు. రాజుగారు కిరీటం సర్దుకున్నారు, వంటవాడు గరిటె ఎత్తి ఆగాడు, దర్జీ భాయ్ హార్మోనియం మీద చేతులు ఆపాడు. హాలంతా నిశ్శబ్దం. ఎవరో దగ్గారు. అంతమంది ఆగి నవ్వు కోసం ఎదురుచూస్తుంటే నవ్వు మాత్రం రాలేదు. కనీసం నేనైనా నవ్వాలి కదా. ముప్పైసార్లు విన్న చోటు, పైగా కళ్లు ఆమె మీద. నాకూ రాలేదు. క్యాంప్ మెస్‌లో రోజూ తాగే చారు అంతకన్నా పల్చగా ఉంటుందట, అందులో నవ్వొచ్చే సంగతి ఏముందో వాళ్లకు అర్థం కాలేదని తర్వాత తెలిసింది.

ఇలా రెండు మూడు చోట్ల జరిగింది. స్టేజీ మీద అందరూ ఆగడం, హాలు చూస్తూ కూర్చోవడం. మా ఆయన తెర పక్కన స్క్రిప్టు పట్టుకుని చెమటలు కక్కుతున్నాడు. అప్పుడు రాజుగారు కోపం నటిస్తూ, సున్నా లేని ఒక మామూలు మాట అన్నాడు.

"ఓరీ వంటవాడా! రేపటి నుంచి నీకు శుక్రవారం కూడా డ్యూటీ!"

హాలు పేలింది. వెనక గోడ దగ్గర డ్రైవర్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. క్యాంపు కుర్రాళ్లు కుర్చీలు ఎక్కి ఈలలు వేశారు. అక్కడ ఆగాలని ఎవరికీ తెలియదు కాబట్టి తరువాతి నాలుగు మాటలూ ఆ హోరులో కొట్టుకుపోయాయి, దానితో కథలో ఒక ముడి కూడా పోయింది. మూడు నెలల రిహార్సల్స్‌లో ఆ మాటకు నేను ఒక్కసారి కూడా నవ్వలేదు. నాకు శుక్రవారం సెలవు ఉంది మరి. సున్నాలన్నీ శుక్రవారం సెలవున్న మనిషి నవ్వుకు పెట్టినవి. ఆ చీకట్లో కూర్చుని నాకు సిగ్గేసింది.

ఆమె మాత్రం దానికీ నవ్వలేదు. వీపు కుర్చీకి ఆనకుండా ముందుకు వంగి, సంచి పిడులు వదలకుండా, పెదవులు మాత్రం సన్నగా కదుపుతూ కూర్చుంది. అంతా సవ్యంగా జరగాలని దేవుణ్ణి తలుచుకుంటోందేమో అనుకున్నాను. చుట్టూ అంత హోరు లేస్తుంటే ఆ ముఖంలో ఒక్క గీత మారలేదు.

విరామంలో తెర వెనక్కి వెళ్లాను. మా ఆయన రబ్బరుతో సున్నాలు చెరిపేయబోతున్నాడు. దర్జీ భాయ్ ఆయన చేతిలోంచి రబ్బరు లాక్కుని, "అరె, కాగజ్ పక్కన పెట్టు భాయ్. హాలు ఏమంటున్నదో గది ఇను. నేను ఇంటున్న గద, నన్ను చూసి ఆగుండ్రి" అంటున్నాడు. వంటవాడు పొట్టకు కట్టుకున్న దిండు సర్దుకుంటూ నా దగ్గరికి వచ్చాడు. ముఖం నిండా రంగు, రంగు కింద చెమట.

"అక్కా, నగిందా?"

నేను ఏం చెప్పను? ఇంకా సగం నాటకం ఉంది, పెద్ద పాట ఉంది.

"పడి పడి నవ్వింది తమ్మీ. నేనే పట్టుకున్న, లేకుంటే కుర్చీల నుంచి కిందపడేది."

అతను నా కళ్లలోకి చూశాడు. "అట్లనా" అన్నాడు. దిండు తాడు ఇంకొంచెం బిగించుకుని వెళ్లిపోయాడు.

రెండో సగం దారిలో పడింది. సున్నాలను పక్కన పెట్టాక నాటకానికి ఊపిరి వచ్చింది. దర్జీ భాయ్ హాలు వైపు చెవి పెట్టి, నవ్వు లేస్తే ఆగి, దిగుతుంటే అందుకున్నాడు. చివరికి సభ, రాజుగారి కోపం, వంటవాడి పాట. అతను గరిటెను కత్తిలా నేలకు ఆనించి ఒంటికాలి మీద నిలబడి రాగం తీశాడు. ఎంత పెద్ద రాగం! మాడిన పప్పుకు అంత రాగం ఎవరూ తీసి ఉండరు. హాలు మొత్తం "వన్స్ మోర్" అంది. మళ్లీ ఎత్తుకున్నాడు.

"మాడెనా పప్పు? మాడనీ మహరాజ..."

నవ్వుల హోరు లేచింది. అతను ఆగాడు. హోరు దిగింది. హార్మోనియం తరువాతి చరణం అందించింది. అతను నోరు తెరిచాడు, మాట రాలేదు.

ఆట అనుకుని కొందరు నవ్వారు. దర్జీ భాయ్ అదే వరస రెండోసారి వాయించాడు, మూడోసారి వాయించాడు. మా ఆయన పక్క నుంచి అందిస్తున్నాడు గానీ, ఆ హార్మోనియం మోతలో ఆయన గుసగుస ఎవరికి వినబడుతుంది? హాలు మెల్లగా నిశ్శబ్దమైపోయింది. అతను ఎత్తిన కాలు కిందికి దించాడు. మూడు నెలలు ఎవరికోసం పాడాడో ఆమె నా పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది.

అప్పుడు నా పక్కనుంచి గొంతు లేచింది. పాడేవాళ్ల గొంతు కాదు, వంటింట్లోంచి పెరట్లోవాళ్లను పిలిచే గొంతు.

"మంటది తప్పు గానీ, మనిషిదా తప్పు!"

రాగంతో సహా అంది. ఎక్కడ సాగదీయాలో అక్కడ సాగదీసి, ఎక్కడ విరవాలో అక్కడ విరిచి. హాలంతా మా వైపు తిరిగింది. స్టేజీ మీద అతను కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చీకట్లోకి వెతికాడు. తర్వాత ఆ మాట తాను అందుకున్నాడు, అందుకుని పాట చివరిదాకా ఆగకుండా పాడాడు. ఈసారి నేను సిగ్గు లేకుండా ఆమె పెదవులే చూస్తూ కూర్చున్నాను. అతని కన్నా అర క్షణం ముందు ఆ పెదవులు ప్రతి మాటా పలుకుతున్నాయి. వంటవాడి పాటే కాదు, రాజుగారి మాటలు, మంత్రుల మాటలు, అన్నీ. ఆమె దేవుణ్ణి తలుచుకోవడం లేదు. మొదటి నుంచీ నాటకం మొత్తం మోస్తోంది. పాట అయ్యాక వెనక గోడ దగ్గర డ్రైవర్లు మొదలుపెట్టిన "వన్స్ మోర్" ముందు వరసల దాకా వచ్చింది. నేను అరవలేకపోయాను. ఏడుస్తున్నాను.

అంతా అయ్యాక తెర వెనక నలుగురం నిలబడ్డాం. నేను ఒప్పేసుకున్నాను. "అబద్ధం చెప్పిన తమ్మీ. ఒక్కసారి గూడ నవ్వలేదు."

"నాకు తెలుసక్కా" అన్నాడు. "పడి పడి నగింది అన్నెబ్బుడే తెలిసింది. మా ఆమె అట్ల నగదు. కండ్లు మూసుకుంటాది, సప్పుడే రాదు, బుజాలు మాత్రం కదులుతాయి. నగలేదే, నగలేదే అని యోచన చేస్తానే పాట పోగొట్టుకున్నా."

"ఆ ముక్క ముందే చెప్పొద్దా!" అని గట్టిగా కసిరాను.

ఆమె స్కార్ఫు కొసతో అతని నుదుటి రంగు తుడుస్తోంది. "నగితే ఎట్లక్కా?" అంది నాతో. "నేను నగేలోగా ఈయప్ప యాడన్నా మర్సిపోతే? రోజూ ఇంటా ఉండా కదా, ఆ పప్పు మాట కాడే తడబడతాడు. నాకు కూర్చున్నంతసేపూ గుండె దడే."

అతను ఆమె చేతి కింద తల వంచుకుని చిన్నపిల్లవాడిలా నిలబడ్డాడు.

ఏడు దాటింది. ఎనిమిదికి ఆమె వక్రాలో ఉండాలి. నలుగురం మా కారెక్కాం. అతను స్టీరింగ్ ముందు కూర్చున్నాడు, అలవాటు ప్రకారం చెయ్యి లేచి అద్దాన్ని పైకి తిప్పింది. మా ఆయన ముందు, మేమిద్దరం వెనక. సంచిలోంచి ఆమె వేరుశనగ ఉండలు తీసి పెట్టింది, ఇంట్లో మేడమ్ పడుకున్నాక చేసిందట. దారిలో మా ఆయన తన సున్నాల గురించి తానే చెప్పుకోవడం మొదలుపెట్టాడు. చారు దగ్గర అందరూ బొమ్మల్లా ఆగిపోవడం, రాజుగారు సర్దుకున్న కిరీటాన్నే మళ్లీ మళ్లీ సర్దుకోవడం, ఎవరో దగ్గడం. ఆ దగ్గును అచ్చం అలాగే దగ్గి చూపించాడు.

నేను విరగబడి నవ్వాను. నవ్వుతుంటే నా పక్కన సీటు సన్నగా ఊగుతున్నట్టు తోచింది. తిరిగి చూశాను. ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. సగం తిన్న ఉండ చేతిలోనే ఉంది. చప్పుడు లేదు. భుజాలు మాత్రం ఆగకుండా కదులుతున్నాయి, కళ్ల చివరల నుంచి నీళ్లు కారుతున్నాయి. నాటకం అంతా దాచిపెట్టుకున్న నవ్వు ఇప్పుడు బయటికి వస్తోంది. నా నవ్వు మోతలో ముందున్న మనిషికి ఏం తెలుస్తుంది? జీవితంలో మొదటిసారి నా నవ్వు నేనే ఆపుకున్నాను.

"తమ్ముడూ" అన్నాను, "నగుతున్నది."

ముందు సిగ్నల్ ఎర్రగా ఉంది. అతను కారు ఆపాడు. చెయ్యి మెల్లగా పైకి లేచి, అద్దాన్ని పట్టుకుని, కిందికి దించింది. అందులో అతనికి మొదట కారు కప్పు, తర్వాత నా తల, తర్వాత ఆమె ముఖం కనబడి ఉంటాయి. అక్కడ ఆపాడు.

పోయిన ఏడు వాళ్లిద్దరూ ఊరికి వెళ్లిపోయారు, పిల్లల దగ్గరికి. ఆ నాటకం మళ్లీ వేయలేదు. నాకు మాత్రం ఎప్పుడు గుర్తొచ్చినా స్టేజీ గుర్తుకు రాదు, ఆ సిగ్నలే గుర్తొస్తుంది. అది పచ్చబడింది. వెనక బండ్లు ఒకటొకటిగా హారన్ కొట్టడం మొదలుపెట్టాయి. తొమ్మిదేళ్లలో ఎవరిచేతా హారన్ కొట్టించుకోని డ్రైవరు, ఆ అద్దంలోకి చూస్తూ అలాగే కూర్చున్నాడు.